మా మేనత్త సొమ్ము చూసిన మనిషి

మొన్న వేసవిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక పందిట్లో నలుగురం కూర్చున్నాం. ఒకరి సొమ్ము ఇంకొకరు చూడటం, అందులో వచ్చే తగాదాలు, ఇలా ఏవో కబుర్లు నడుస్తున్నాయి. దూరపు చుట్టం ఒకాయన చుట్ట వెలిగించుకుంటూ, "మీ ఊళ్ళోనే గదా, ఒక పెద్దమనిషి ముసలమ్మ గొర్రెల్ని అమ్ముకుని, గిడ్డంగిలో తోళ్ళు కొనుక్కొచ్చి, ఇయ్యేనమ్మా చచ్చినయ్యి అని వాకిట్లో పరిచాడంట!" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఇరవై ఏళ్ళ కిందట నా నోట్లోనే పుట్టింది. ఆ ముసలమ్మ మా మేనత్త. ఆ పెద్దమనిషి మా పక్కింటాయన. ఆయన ఒక్క గొర్రెను కూడా అమ్ముకోలేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను చెప్పకపోతే ఆ కథ అలాగే పెళ్ళిళ్ళు తిరుగుతుంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది నకరికల్లు దగ్గర ఒక పల్లె. మా వీధిలో అందరం క్రైస్తవులం, ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళమే. మా మేనత్త మిషను ఆసుపత్రిలో నర్సు, మామయ్య అదే ఆసుపత్రిలో కాంపౌండరు. వాళ్ళకు పిల్లల్లేరు. మామయ్య పోయాక కూడా అత్త అక్కడే పనిచేసింది. ఖర్చులకు పోగా మిగిలిన జీతం ఆసుపత్రి దొరసానమ్మ దగ్గర దాచుకునేది. అక్కడ పనిచేసేవాళ్ళందరికీ అదే అలవాటు. దొరసానమ్మ ఇనప్పెట్టెలో ఎవరి మూట వాళ్ళకు ఉండేది. యుద్ధం అయిపోయాక దొరసానమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ ఎవరి సొమ్ము వాళ్ళ చేతిలో పెట్టేసింది. అలా మా అత్త దగ్గరకు రెండు వేల పైచిలుకు రూపాయలు ఒక్కసారిగా వచ్చాయి. ఆమె కూడా పని మానేసి ఊరికి వచ్చేసింది.

ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. కానీ అది ఒక్కటే ఆమెకున్నది. ఇంకే రాబడీ లేదు. ఆసుపత్రిలో ఆమె చూసిన ముసలివాళ్ళ సంగతులు మాకు చెప్పేది. మందుకు డబ్బులు కొడుకును అడగాల్సి వస్తుందని నొప్పి దాచుకున్న ఒక తల్లి గురించి చెప్పి, "నేనట్టా కాకూడదురా. పోయేదాకా నా మందు నేనే కొనుక్కోవాల" అనేది. పెంకుల కొట్టంలో డబ్బు పెట్టుకుని ఒంటరిగా ఉండలేదు. ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఎవరికి?

ఊరందరి లెక్కలో ఆ ప్రశ్నకు జవాబు నేనే. మా నాన్న అప్పటికే పోయాడు. అన్న కొడుకుని, స్కూలు ఫైనలు దాకా చదివాను, నరసరావుపేటలో మిరపకాయల కమిషన్ కొట్టులో గుమాస్తాను. మా యజమాని జనం దగ్గర డబ్బు తీసుకుని నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ ఇచ్చేవాడు. ఆ డబ్బుతో సరుకు కొని నిలవచేసి, ధర పెరిగాక అమ్మేవాడు. గుమాస్తాలకు ఒక మాట చెప్పాడు: ఎవరినైనా తీసుకొచ్చి డబ్బు వేయిస్తే, ఆ డబ్బు కొట్టులో ఉన్నంతకాలం నూటికి పావలా చొప్పున నెలనెలా మీకు. అత్త సొమ్ము ఊరికి వచ్చిన రోజునే నేను ఆ పావలాల లెక్క వేసుకున్నాను. అత్తకు మాత్రం చెప్పలేదు.

ఇంకొకాయన మా పక్కింటి పెదనాయన. చుట్టరికం లేదు, వరస కలుపుకున్నదే. కొంత నల్లరేగడి చేను, చిన్న గొర్రెల మంద, పిడుగురాళ్ళ బట్టీల నుంచి సున్నం తోలే రెండు ఎడ్లబళ్ళు ఆయనవి. పిసినారి అని పేరు. పంచె అరిగిపోతుందని మోకాళ్ళ పైకి కట్టేవాడు. ఆయన నోరు పచ్చిమిరపకాయ. అయినా గుడి కానుకల పెట్టె తాళంచెవి చాలా ఏళ్ళుగా ఆయన మొలతాడుకే ఉండేది.

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పంట ఇళ్ళకు చేరాక ఒక ఆదివారం ఎవరికి కలిగింది వాళ్ళు గుడికి తెస్తారు. జొన్న కంకులు, కోళ్ళు, గుమ్మడికాయలు, బెల్లం దిమ్మలు. ప్రార్థన కాగానే అక్కడే వేలం. పాడుకున్న డబ్బు దేవుడికి. కాయ ధరకు, పాటకు సంబంధం ఉండదు. ఎంత ఎక్కువ పాడితే అంత పెద్ద మనసని మా వాళ్ళ నమ్మకం. ఫలానా వాడు కోడిపుంజును పది రూపాయలకు పాడాడు అంటే, ఆ ఏడాదంతా అతని మాటకు విలువ ఉండేది. కొందరు దాన్ని చూసి పిల్లనిచ్చారు కూడా. అత్త ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని ఉంది. నన్ను నేను చూపించుకోవడానికి ఇంతకంటే మంచి రోజు రాదనుకున్నాను.

సంఘపెద్ద గుమ్మడికాయ ఒకటి పైకెత్తాడు. పెదనాయన పావలాతో మొదలుపెట్టాడు. నేను ఆరణాలన్నాను. ఆయన అర్ధరూపాయి అన్నాడు. నేను రూపాయి అన్నాను. ఆయన ఆగిపోయాడు.

"ఏందయ్యో, అప్పుడే చల్లబడ్డావు?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"కాయ ఖరీదు పావలా. దేవుడికని ఇంకో పావలా ఏశా. మా ఇంట్లో తినేది ఇద్దరం" అన్నాడు పెదనాయన.

"దేవుడి కాడ కూడా బేరమేనా!"

"దేవుడికి నా సంగతి తెలుసులే. నీకే కొత్త."

అందరూ గొల్లున నవ్వారు. తరవాత బళ్ళో పంతులుగారు నాతో పోటీకి దిగారు. ఆయన ఆపాక కూడా ఆపుకోలేక నా పాట మీద నేనే పెంచాను. చివరికి ఎనిమిది రూపాయలకు కాయ నాదైంది. చప్పట్లు మోగాయి. నా జేబులో అర్ధరూపాయి కూడా లేదు. జీతం రాగానే కడతానని చెప్పి, కాయ భుజాన పెట్టుకుని అత్త ఇంటికి వెళ్ళాను.

"డబ్బు కట్టావా?" అంది అత్త.

"జీతం రాగానే కడతానని చెప్పాగా."

"అంటే రాని డబ్బుతో పాడావన్న మాట" అని కాయను మూలన పెట్టించింది. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా ఇద్దరినీ పిలిచింది. అరుగు మీద విత్తనానికి వేరుశనక్కాయలు వలుస్తూ కూర్చుంది. మా ముందు కూడా చెరో దోసెడు పోసి, "వలుస్తా చెప్పండి" అంది.

"ఒరేయ్, ముందు నువ్వు చెప్పు. నా సొమ్ము నీకిస్తే ఏం జేస్తావు?"

"మా కొట్లో వేస్తానత్తా. నూటికి రూపాయిన్నర. నెల తిరిగేసరికి వడ్డీ నేనే తెచ్చి నీ చేతిలో పెడతా."

"అంతా ఒక్క కొట్లోనేనా?"

"ఎంత ఎక్కువ వేస్తే అంత వడ్డీ గదత్తా."

"మీ యజమాని ఆ డబ్బు పెట్టి సరుకు కొంటాడు. ధర పెరక్కపోతే?"

"యుద్ధం వచ్చిన కాణ్ణుంచి పెరగటమే గాని తగ్గింది యాడుంది?"

"సరే. మరి ఇందులో నీకేంది?"

"నీ కాడ నాకు లాభం ఏందత్తా? రక్తసంబంధం."

పెదనాయన చేతిలో కాయ చిట్లించి, "రక్తంతో సంబంధం జలగక్కూడా ఉంటదిలేరా" అన్నాడు. అత్త నవ్వు ఆపుకుని ఆయన వైపు తిరిగింది.

"నువ్వు చెప్పన్నా."

"ముందు నా కూలి చెబుతా చెల్లెమ్మా. ఏడాదికి రెండు బస్తాల జొన్నలు కావాల."

నాకు మండిపోయింది. "ముందూ వెనకా లేని మనిషి సొమ్ము చూట్టానికి కూలి అడుగుతున్నావా పెదనాయనా? సిగ్గుగా లేదూ?"

"ఎందుకు సిగ్గు? కాళ్ళరిగేలా తిరిగేది నేనే గదా. చెల్లెమ్మా, ఊరికే తిరుగుతానన్నోణ్ణి నమ్మబాక. ఆడు యాడో ఒక చోట తింటానే ఉంటాడు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. తల వంచుకుని కాయలు వలిచాను.

"కొంత పోస్టాఫీసులో ఏద్దాం" అన్నాడు పెదనాయన. "వడ్డీ చీమ తలకాయంత. అయినా జొరమొచ్చిన రోజున చేతికొస్తది. కొంత పెట్టి నీ పేర రెండెకరాల చేను కొని కౌలుకిద్దాం. మిగతాది గొర్రెలు. అన్ని గొడ్లూ ఒకే కొట్టంలో కడితే గాలికుంటు రోగం వచ్చిన నాడు ఒక్కటీ మిగలదు."

"గొర్రెలంటే నీ మందలోయి నాకు అంటగడతావా?"

"నా మందలో ఒక్కటి కూడా నీకమ్మను. బెల్లంకొండ కాడ కాపర్లున్నారు. సగం పాలుకి మేపుతారు. పుట్టిన పిల్లల్లో సగం నీయి, సగం వాళ్ళయి. చస్తే చెవులతో సహా తోలు తెచ్చి చూపియ్యాల. అది వాళ్ళ కట్టుబాటు. నీ జీవాల చెవికి గుర్తుగా నీ కోత ఏయిద్దాం."

"ఏడాదికి ఎంత వస్తది?"

"వాన పడితే బాగానే వస్తది. పడకపోతే రాదు. నోటితో చెప్పేదైతే నేను కూడా నూటికి రెండు రూపాయలని చెబుతా, నాకేం పోద్ది?"

"కాయితాలు ఎవరి కాడ ఉంటయ్?"

"నీ పెట్టెలో. తాళం నీ బొడ్లో. చదివి సంతకం పెట్టు. దస్తావేజు భాష తెలవకపోతే పేటలో ప్లీడరు కాడ చదివించుకో. నా కాడ మాత్రం చదివించుకోబాక."

అత్త వలిచిన గింజలన్నీ చాటలోకి ఎత్తింది. తరవాత, "జొన్నలు పచ్చయ్యా, తెల్లయ్యా?" అని పెదనాయన్నడిగింది.

అలా ఆమె మనిషిని ఎంచుకుంది. నేను కండువా దులుపుకుని లేచి వచ్చేశాను. గుమ్మడికాయ డబ్బు కట్టడానికి పేటలో అప్పు చేశాను.

ఆయన చెప్పినట్టే చేశాడు. మొదటి ఏడు కౌలు వచ్చింది, గొర్రెలు పెరిగాయి. రెండో ఏడు వానల్లో జీవాలకు రోగం తగిలింది. అత్త గొర్రెల్లో సగానికి పైగా చచ్చాయి. పెదనాయన కాపర్లను వెంటబెట్టుకుని, సున్నం బండి కడిగించి అందులో తోళ్ళు వేసుకొచ్చి, పట్టపగలు అత్త వాకిట్లో పరిపించాడు. "ఈ ఏడు దెబ్బ తగిలింది చెల్లెమ్మా. చూసుకో" అన్నాడు. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కో తోలు దగ్గర వంగి చెవి చూసింది. ప్రతి చెవికీ ఆమె కోత ఉంది. నేను ఆ రోజు సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. అక్కడే నిలబడి నేనూ చూశాను.

మర్నాడు కాఫీ హోటల్లో ఎవరో ఆ నష్టం గురించి అయ్యో అన్నారు. నేను ఒక్క మాటన్నాను. "పేటలో తోళ్ళ గిడ్డంగికి పోతే ఇట్టాంటియి బళ్ళకు బళ్ళు దొరుకుతయ్." అంతే. ఆయన అబద్ధమాడాడని అనలేదు. చెవుల సంగతి ఎత్తలేదు. నెల తిరగకముందే ఆ ఒక్క మాటకు కాళ్ళూ చేతులూ వచ్చాయి. ఫలానా రోజు ఫలానా గిడ్డంగిలో ఆయన బేరమాడటం కళ్ళారా చూశామన్నవాళ్ళు కూడా బయల్దేరారు. కూలికి ఒప్పుకుని మరీ ముసలమ్మ సొమ్ము తింటున్నాడన్నారు. కూలి అడిగినవాడు దొంగ కాకపోతే ఇంకేమవుతాడని మా వాళ్ళ ఆలోచన.

సంఘం కూడి ఆయన దగ్గర తాళంచెవి అడిగింది. పెదనాయన మొలతాడు నుంచి విప్పి బల్ల మీద పెట్టి, "పెట్టె తెరిచి చూసుకోండి" అన్నాడు. చూశారు. కాణీ తేడా లేదు. అయినా తాళంచెవి తిరిగి ఇవ్వలేదు. నేను వెనక బెంచీలో కూర్చుని అంతా చూశాను. అత్త ఒక్కతే లేచి, "నా గొర్రెల చెవులు నేను చూశా" అంది. ముసలమ్మను మాయ చేశాడు పాపం అని గుసగుసలాడారు.

ఆ తరవాతి ఎండాకాలంలో మిరపకాయల ధర పడింది. మా యజమాని అందరి డబ్బూ పెట్టి గిడ్డంగుల నిండా సరుకు నిలవచేసి ఉన్నాడు. ఒక పొద్దున కొట్టుకు వెళితే తలుపులకు తాళాలున్నాయి. యజమాని రాత్రికి రాత్రి ఊరు దాటాడని అప్పటికే జనానికి తెలిసింది. వీధి నిండా మనుషులు. పింఛను డబ్బంతా అందులో వేసిన ముసలి పంతులు ఒకాయన గోడకానుకుని నిలబడ్డాడు. చంకలో బిడ్డతో ఒకామె తలుపు మీద చేత్తో బాదుతోంది. మా గుమాస్తాల్లో ఒకణ్ణి ఇద్దరు చొక్కా పట్టుకుని, "నువ్వే గదయ్యా ఏయించావు" అని లాగుతున్నారు. ఈ రెండేళ్ళలో నేను దాచుకున్నది కూడా ఆ తలుపుల వెనకే ఉంది.

అయినా ఆ క్షణంలో నా డబ్బు గుర్తు రాలేదు. నా కళ్ళు ఆ గుంపులో మా అత్త కోసం వెతికాయి. ఆమె అక్కడ ఉండదని నాకు తెలుసు. అయినా వెతికాయి. తలుపు బాదుతున్న ఆ చేతి పక్కన అత్త చెయ్యి లేదని నమ్మకం కుదరగానే ఎదురు కొట్టు మెట్టు మీద కూలబడ్డాను. ఇల్లు అంటుకుని పిల్లలు బయట ఉన్నారని తెలిసిన మనిషికి అలాగే ఉంటుందేమో. ఆమె నన్ను నమ్మకపోవడం కంటే పెద్ద మేలు నాకు ఎవరూ చెయ్యలేదు.

మధ్యాహ్నానికి ఊరు చేరాను. అత్త జొన్నరొట్టె, గోంగూర పెట్టి ఎదురుగా కూర్చుంది.

"తిను. నీ డబ్బు కూడా పోయిందంట గదా. పాపం నువ్వు నా మేలు కోరే ఆ కొట్టు చెప్పావు. నీకు మాత్రం ఏం తెలుసు!"

ముద్ద కంచంలో పెట్టేశాను. తిట్టి ఉంటే తినేవాణ్ణి. ఆ జాలి భరించలేక పావలా సంగతి చెప్పేశాను.

"నీకేందని అడిగితే రక్తసంబంధం అన్నావు."

"అన్నా."

"మరి తోళ్ళ మాట? అది ముందు ఎవరన్నారో ఇన్నాళ్ళూ తెలవలా నాకు."

"నేనేనత్తా. చెవులు చూసి కూడా అన్నా."

ఆమె నా ముందున్న కంచం తీసేసింది. "లెయ్. చెయ్యి కడుక్కో" అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "చీము పట్టినాక కొయ్యకుండా పైన మందు రాస్తే మానదు. ఆదివారం గుళ్ళో నిలబడి చెప్పు. చెప్పినాక అన్నానికి రా" అంది.

ఆదివారం ఆరాధన చివర పాస్టరు అయ్యగారు ప్రకటనలు చదివాక నేను లేచాను. ఏదీ వదలకుండా, చెవి కోతల సంగతితో సహా చెప్పాను. ఆడవాళ్ళ వైపు నుంచి "ఓరి నీ నోరు పడ!" అని ఎవరో అన్నారు. పెదనాయన దగ్గి, "అయ్యగారూ, ముగింపు ప్రార్థన కానీయండి. ఎడ్లు ఎండలో ఉన్నయ్" అన్నాడు. ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వుతో నా ఊపిరి నాకు అందింది.

బయట ఆయన ముందు నిలబడ్డాను.

"ఏందిరా, ఏడుస్తావా? ఏడిస్తే నీడకు పోయి ఏడువు."

"నాలుగు కొట్టు పెదనాయనా."

"కొడితే చెయ్యి నొప్పి నాకు." ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు: "తాళంచెవి ఇచ్చొచ్చిన రోజున మా ఇంటిది అన్నం ముట్టలా. చెప్పేదేదో ఆమెకు చెప్పు."

వెళ్ళి చెప్పాను. పెద్దమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ తలెత్తకుండా విని, "చెప్పావుగా, ఇంక పో" అంది. అంతకు మించి క్షమాపణ నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం అత్త ఇంట్లో తిన్న అన్నం మాత్రం ఒంటికి పట్టింది.

కానుకల పెట్టెను మళ్ళీ ఆయన్నే చూడమంది సంఘం. ఆయన ఒప్పుకోలేదు. కోపంతో కాదు. చూపు నిజంగానే మందగించింది. అత్త సొమ్ము కూడా ఇంక చూడలేనన్నాడు. ఈసారి ఆమె ఎవరికి అప్పజెబుతుందని ఊళ్ళో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. నేను ముందే వెళ్ళి, "నాకు మాత్రం ఇయ్యొద్దత్తా" అన్నాను.

"నీకిస్తానని ఎవరన్నార్రా?" అని ఆమె పకపకా నవ్వింది. "నేనే చూసుకుంటా. ఇన్నాళ్ళూ ప్రతి కాయితం చదివే గదా సంతకం పెట్టా. ఏ చేను ఎంతకు పోద్దో, ఏ కాపరి మాట మీద నిలబడతాడో తెలిసొచ్చింది. మీ పెదనాయన నాకు నేర్పాలని నేర్పలా. కాయితాలన్నీ నా ఒళ్ళో పడేస్తే నేనే నేర్చుకున్నా."

అలాగే చూసుకుంది. పోయేదాకా తన ఖర్చులు తనే పెట్టుకుంది. కాకపోతే నకరికల్లు పోస్టాఫీసుకూ బెల్లంకొండకూ నడిచి వెళ్ళే ఓపిక లేదు. "నువ్వు బండి తోలు చాలు" అంది నాతో.

మొదటిసారి పోస్టాఫీసుకు తీసుకెళ్ళిన పొద్దున నాకు బాగా గుర్తు. ఆమె చేతిసంచీ చంకలో పెట్టుకుని, నా భుజం పట్టుకుని దిగి, ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేను ఎడ్లను విప్పి, గడ్డి వేసి, బండి నీడలో పడుకున్నాను. లోపల ఆమె ఎంత వేసిందో, ఎంత తీసిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. ఆమె వచ్చి లేపేదాకా హాయిగా నిద్రపోయాను.